తోకే కాళ్ళైన డైనోసారు

కార్లు రోబోలుగా మారే బొమ్మలంటే నాకు పెద్ద గౌరవం లేదు. తిట్టుకోకండి, కారణం చెప్తాను. కారంటే ఒక డబ్బా. రోబో అందులో ముడుచుకుని పడుకుంటాడు. లేచినప్పుడు బానెట్టు ఛాతీ మీదకొస్తుంది, తలుపులు భుజాల వెనక్కి పోతాయి, చక్రాలు ఎక్కడున్నా పర్లేదు. కారుకి చేతులూ కాళ్ళూ లేవు కాబట్టి "ఆ కాళ్ళేం చేశావ్?" అని డిజైనర్‌ని ఎవడూ అడగడు.

అసలు తమాషా అంతా జంతువు దగ్గరే. జంతువుకి సొంత తలా, సొంత కాళ్ళూ, పైగా ఒక తోకా ఉంటాయి. రోబోకీ తలా, చేతులూ, కాళ్ళూ కావాలి. రెండూ నిలబడాలి, రెండూ కదలాలి, రెండూ చూడ్డానికి బావుండాలి. టీ-రెక్స్‌నే తీసుకోండి. ఒంట్లోంచి బయటికి పొడుచుకొచ్చేవి ఆరు: తల, రెండు బుల్లి చేతులు, రెండు కాళ్ళు, తోక. మనిషి ఆకారానికి కావలసినవి ఐదు. ఆరింటిని ఐదులో సర్దాలి, అదీ ఒక్క ముక్క ఊడదీయకుండా. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో ఏ సబ్జెక్టులోనూ ఇంత శుభ్రమైన సమస్య నాకు తగల్లేదు.

దీనికి స్థూలంగా రెండు దారులున్నాయి. ఒకటి, జంతువు అవయవాన్నే రోబో అవయవంగా వాడుకోవడం. రెండోది, మామూలు రోబో బొమ్మ ఒకటి చేసేసి, దాని మీద జంతువు తొడుగు వేసెయ్యడం. రోబో కావాలనుకున్నప్పుడు ఆ తొడుగు విప్పి వీపున మూట కట్టుకుంటాడన్నమాట. ఈ బొమ్మలు సేకరించేవాళ్ళు ఇలాంటివాటిని షెల్‌ఫార్మర్ అంటారు, కాస్త చులకనగానే. మారిన తర్వాత ఏ పనీ లేకుండా వేలాడే ముక్కలకి కూడా వాళ్ళ దగ్గర ఒక పేరుంది, కిబుల్ అని. పగటివేషగాడు హనుమంతుడి వేషం విప్పి, తోక చంకలో పెట్టుకుని హోటల్లో టీ తాగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ తోకే కిబుల్.

మొదటి దారిలో వెళ్ళిన బొమ్మల్లో నాకు బాగా నచ్చింది గ్రిమ్‌లాక్. 2014లో వచ్చిన 'ట్రాన్స్‌ఫార్మర్స్: ఏజ్ ఆఫ్ ఎక్స్‌టింక్షన్' సినిమాలో ఆప్టిమస్ ప్రైమ్ ఎక్కి స్వారీ చేస్తాడే, ఆ టీ-రెక్స్ పేరు అదే. సినిమాలో సుఖం. గ్రాఫిక్స్ కాబట్టి ఎన్ని వేల ముక్కలైనా ఎటునుంచి ఎటైనా జారిపోవచ్చు. బొమ్మకి ఆ అదృష్టం లేదు. ప్రతి ముక్కా ఏదో ఒక మేకుకో కీలుకో వేలాడాల్సిందే. నేను చెప్పేది కూడా సినిమా బొమ్మ గురించి కాదు, దానికి చాలా ముందు 1985లో హాస్‌బ్రో అమెరికాలో అమ్మిన మొదటి గ్రిమ్‌లాక్ గురించి. దాని అచ్చు హాస్‌బ్రోది కాదు, జపాన్‌లోని టకారా కంపెనీది. డయాక్లోన్ అనే బొమ్మల వరసలో వాళ్ళు చేసిన డైనోసార్ రోబో అది. 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ మొదలైనప్పుడు హాస్‌బ్రో చాలావరకు టకారా బొమ్మలే తీసుకుని, పేర్లూ కథలూ తర్వాత అతికించింది.

నా పాత రూమ్మేట్ ఆన్‌సైట్‌కి వెళ్ళి, న్యూజెర్సీలో ఎవరి గరాజ్ సేల్లోనో దొరికిందని ఒకటి తెచ్చిచ్చాడు. మూలల్లో బంగారు పూత పోయింది, కత్తీ తుపాకీ రెండూ లేవు. అయినా చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది, కొన్ని భాగాలు డై-కాస్ట్ లోహం కాబట్టి.

ఎలా మారుతుందో చెప్తాను, జాగ్రత్తగా ఊహించుకోండి. తోక నిలువునా రెండుగా చీలుతుంది. ఆ రెండు సగాలే రోబో కాళ్ళు. డైనోసార్ కాళ్ళు రోబో చేతులు. అంటే డైనోసార్ తుంటి ఎక్కడుందో సరిగ్గా అక్కడే రోబో భుజం ఉంటుంది, ఒకటే కీలు రెండు ఉద్యోగాలు చేస్తుంది. డైనోసార్ మెడా తలా వెనక్కి మడిచి వీపు మీదకి పోతాయి. ఛాతీ రెండు పలకలుగా విడిపోయి వీపుకి అటూ ఇటూ రెక్కల్లా నిలబడుతుంది. అప్పటిదాకా లోపల దాక్కున్న రోబో తల బయటికొస్తుంది. అయిపోయింది. మధ్యలో ఎక్కడా "ఇప్పుడు ఈ ముక్క ఊడదీసి పక్కన పెట్టుకోండి" అని లేదు.

మొదటిసారి మార్చినప్పుడు నేను అదే పని పది పదిహేను సార్లు చేసి ఉంటాను. కాలు చెయ్యి అవ్వడం సరే, ఎవరైనా ఊహిస్తారు. తోకని చీల్చి కాళ్ళు చెయ్యాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో కానీ ఆ మహానుభావుడికి దణ్ణం. ఒకటిగా ఉన్నదాన్ని రెండు చేశాడు, దాంతో లెక్క సరిపోయింది. వీపు మీద మిగిలిపోయే తలని, బుల్లి చేతుల్ని ఎవరూ పట్టించుకోరు. ఆ రెక్కల్లాంటి పలకల వల్ల కిబుల్ కూడా ఏదో దర్జాగా, అంగవస్త్రం వేసుకున్నట్టు కనిపిస్తుంది.

ఇక్కడిదాకా అంతా ఆనందంగా ఉంది. కథలోకి మా అక్క కొడుకు వచ్చాడు.

వాడు రెండో తరగతి. డైనోసార్ల పేర్లు వాడు పలికినంత స్పష్టంగా నేను మా క్లయింట్ల పేర్లు పలకలేను. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద నిలబెట్టి, "మావయ్యా, ఇది రాంగ్" అన్నాడు. ఎందుకురా అంటే, "టీ-రెక్స్ తోక నేలకి తగలదు. ఇలా నిటారుగా నిలబడదు. వంగి ఉంటుంది" అని చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు.

వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. టీ-రెక్స్‌కి ఆ పేరు పెట్టింది 1905లో, హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1915లో అస్థిపంజరాన్ని నిలబెట్టినప్పుడు ఒళ్ళు నిటారుగా, తోక నేల మీద ఈడుస్తున్నట్టు పెట్టారు. దశాబ్దాల పాటు పుస్తకాల్లో బొమ్మలూ, సినిమాలూ అన్నీ ఆ పద్ధతిలోనే. 1969లో జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్ మీద రాసిన దాని తర్వాత శాస్త్రవేత్తల ఆలోచన మారుతూ వచ్చింది. ఒళ్ళు నేలకి సమాంతరంగా, తోక గాల్లో లేచి తలకి ఎదురు బరువుగా ఉంటుందని తేల్చారు. మామూలు జనానికి అది చేరింది మాత్రం 1993లో 'జురాసిక్ పార్క్'తో. న్యూయార్క్ మ్యూజియం వాళ్ళు కూడా 1990ల్లో తమ అస్థిపంజరాన్ని విప్పి మళ్ళీ వంచి నిలబెట్టారు. అంటే గ్రిమ్‌లాక్ దుకాణంలోకి వచ్చేనాటికే దాని డైనోసార్ పాతబడిపోయింది.

ఇప్పుడు నన్ను పట్టుకున్న విషయం ఏంటంటే, ఆ బొమ్మలోని తెలివంతా ఆ తప్పు మీదే నిలబడి ఉంది. తోక లావుగా, బరువుగా, నేలకి తగులుతూ ఉంది కాబట్టే దాన్ని కాళ్ళు చెయ్యగలిగారు. ఒళ్ళు నిటారుగా ఉంది కాబట్టే రోబో మొండెం ఎక్కడికీ తిరగకుండా ఉన్నచోటే ఉండిపోయింది. రెండు కాళ్ళూ తోకా కలిసి కెమెరా స్టాండులా మూడు చోట్ల ఆనాయి కాబట్టే ఆ లోహపు బరువుతో కూడా పడిపోకుండా నిలబడింది. డైనోసార్‌ని సరిదిద్దండి, ఈ మూడూ ఒక్కసారే పోతాయి.

సరిదిద్దిన టీ-రెక్స్ అంటే కావడి. మధ్యలో తుంటి, ఒక పక్క తల, ఇంకో పక్క తోక. రోబోని తయారు చెయ్యాలంటే ఆ కావడిని పడగొట్టకుండా నిలువు చెయ్యాలి. 1996లో వచ్చిన బీస్ట్ వార్స్ మెగట్రాన్‌లో ఒక జవాబు దొరుకుతుంది: టీ-రెక్స్ తల రోబో కుడిచెయ్యి అయిపోతుంది, తోక ఎడమచేతికి పోతుంది. కావడికి రెండు చివర్లున్నట్టే రోబోకి రెండు చేతులు. తర్కం ముచ్చటగా ఉంది. చేతికి బదులు నోరు తెరిచే తలకాయ అంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు కూడా. (తలకాయని చెయ్యి చెయ్యడం కొత్తేం కాదు. 1981 నాటి గోలయన్, అదే అమెరికాలో వోల్ట్రాన్ అయిన ఐదు సింహాల రోబో, దాని చేతులూ పాదాలూ సింహాల తలలే.) కాకపోతే ఆ చేత్తో అతను ఇంకేమీ పట్టుకోలేడు.

అదే వరసలో గొరిల్లాగా మారే ఆప్టిమస్ ప్రైమల్ ఉన్నాడు, 2023 సినిమాలో కూడా కనిపించాడు. చాలామందికి ఇష్టమైన బొమ్మ. నాకు మాత్రం అది ఓపెన్ బుక్ పరీక్షలా అనిపిస్తుంది. గొరిల్లా చేతులు చేతులే, కాళ్ళు కాళ్ళే. దాచాల్సింది తలా ఛాతీ. అంత దగ్గర పోలికున్న జంతువుని ఎంచుకోవడం తెలివైన పనే, ఆశ్చర్యం మాత్రం తక్కువ. బీస్ట్ వార్స్ బొమ్మలకి నేను నిజంగా మార్కులిచ్చేది బంతి కీళ్ళకి. అంతకుముందు బొమ్మల్లో భుజం ఒక దిక్కుకే తిరిగేది. బంతి కీలు వచ్చాక రోబోలు కాస్త మనుషుల్లా నిలబడ్డం నేర్చుకున్నాయి.

మళ్ళీ మావాడి దగ్గరికి. వాడి పుట్టినరోజుకి అక్క ఒక కొత్త టీ-రెక్స్ రోబో కొంది. కంపెనీ పేరు అనవసరం. మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది, కాబట్టి ధర గురించి కూడా మాట్లాడుకోవద్దు. డైనోసార్ మాత్రం అద్భుతం. ఒళ్ళు వంగి, తోక గాల్లో, మోకాళ్ళు మడిచి, నిజంగా మీదకొచ్చేలా ఉంది. మావాడికి ఒక్క అభ్యంతరం కూడా దొరకలేదు.

దాన్ని రోబోగా మార్చే కాగితం తెరిస్తే ముప్ఫై దాకా బొమ్మలు, ఒక్కోదాంట్లో రెండేసి బాణాలు. ఏ పలక ముందు మడవాలో తెలీకపోతే తర్వాతది దారిలో అడ్డొస్తుంది. నాకు మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. బాబోయ్, ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ చెక్‌లిస్ట్ ఇంతకంటే నయం. లోపల్నుంచి వచ్చిన రోబో కూడా బావున్నాడు, మోకాలు, మోచెయ్యి, నడుం అన్నీ తిరుగుతాయి. తోక మాత్రం చిన్న చిన్న ముక్కలుగా ముడుచుకుని వీపులోకి పోయింది. డైనోసార్ కాళ్ళు తెరుచుకుని తొడుగుల్లా రోబో కాళ్ళ వెనక అంటుకున్నాయి.

మావాడు రెండురోజులు "మావయ్యా, మార్చవా" అని తెచ్చిచ్చాడు. మూడోరోజు అడగడం మానేశాడు. ఆ తర్వాత అది ఎప్పుడూ డైనోసారే. ఇంత ఖర్చుపెట్టి, ఇన్ని కీళ్ళు పెట్టి, చివరికి రోబో అవ్వడం మానేసిన రోబో బొమ్మ అది. పాత గ్రిమ్‌లాక్‌ని మాత్రం టీవీ చూస్తూ, చూడకుండానే, టకటకా మార్చేస్తుంటాడు. రోబో, డైనోసార్, రోబో, డైనోసార్. మార్చిన ప్రతిసారీ "కానీ ఇది రాంగ్" అంటాడు, అది వేరే విషయం.

ఇక్కడే నా అభిప్రాయం ఖచ్చితంగా చెప్పదల్చుకున్నాను. కొత్త బొమ్మ చేసినవాళ్ళకి నైపుణ్యం తక్కువని కాదు, పాతదానికంటే చాలా ఎక్కువ. కానీ వాళ్ళు రెండు రూపాల్నీ ఫొటోలో బావుండేలా చేశారు, మధ్యలో ఉండే మార్పుని వదిలేశారు. మారే బొమ్మలో పిల్లాడు కొనుక్కునేది ఆ మధ్య ఉన్న అరనిమిషాన్నే. అది వాడి చేతుల్లో జరగాలి. మావయ్య చేతుల్లో జరిగితే అది వాడి బొమ్మ కాదు.

అలాగని పాత గ్రిమ్‌లాక్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. లోపాలు బోలెడు. తోకలోంచి వచ్చిన ఆ కాళ్ళు పేరుకే కాళ్ళు. అడుగు ముందుకెయ్యలేడు, కూర్చోలేడు, నడుం తిప్పలేడు. పోలేరమ్మ గుళ్ళో రాయిలా నిలబడి చేతులు మాత్రం తిప్పుతుంటాడు. కత్తీ తుపాకీ డైనోసార్ రూపంలో పెట్టుకోడానికి ఎక్కడా చోటు లేదు. నా దగ్గరున్నదానికి రెండూ లేకపోవడంలో వింతేం లేదు, చోటివ్వని వస్తువు సోఫా కిందకి పోతుంది. ఇక ఆ బంగారు క్రోమ్ పూత. బొమ్మంటేనే రాపిడి, మడతపెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి ఇంకోదానికి రాసుకుంటుంది. అలాంటి వస్తువు మీద గోకితే పోయే పూత వెయ్యడం అంటే ఆడుకోవద్దని చెప్పడమే.

ఇంకోటుంది, లోపమనాలో ఏమనాలో తెలీదు. డయాక్లోన్ కథలో రోబోలకి ప్రాణం లేదు, వాటిని బుల్లి పైలట్లు నడుపుతారు. కాబట్టి ఈ డైనోసార్లలో పైలట్ కూర్చోడానికి కాక్‌పిట్ పెట్టారు. హాస్‌బ్రో కథలో రోబోలకే ప్రాణం వచ్చేసింది, పైలట్లు పోయారు. అచ్చు మాత్రం పాతదే కదా, కాక్‌పిట్ అలాగే ఉండిపోయింది, కూర్చునేవాడు లేకుండా. దీన్ని మనవాళ్ళకి వివరించక్కర్లేదనుకుంటా. "ఈ ఫంక్షన్‌ని ఎవరూ పిలవట్లేదు, కానీ తీసెయ్యకండి" అన్న కామెంటు మనమందరం చూసిందే.

ఆఫీసు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఒక పాత మాడ్యూల్ ఉండేది. ఒక కస్టమర్‌కి ఒకటే చిరునామా ఉంటుందన్న నమ్మకం మీద కట్టారు. నమ్మకం తప్పు, మనుషులకి రెండిళ్ళుంటాయి, ఆఫీసుంటుంది, అత్తగారిల్లుంటుంది. కానీ ఆ తప్పు వల్ల కోడ్ ఎంత తేలిగ్గా ఉండేదంటే కొత్తగా చేరినవాళ్ళు ఒక్క మధ్యాహ్నంలో చదివేసేవాళ్ళు. తర్వాత దాన్ని సరిదిద్దారు. ఇప్పుడు ఎన్ని చిరునామాలైనా పెట్టుకోవచ్చు, ఏ బిల్లు ఎటు పోతుందో చెప్పగలిగేవాడు టీమ్‌లో ఒక్కడే, వాడు నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడు.

సరిదిద్దకూడదనట్లేదు. టీ-రెక్స్ వంగే ఉంటుంది, పిల్లలకి తప్పు నేర్పడం నాకూ ఇష్టం లేదు. సరిదిద్దేటప్పుడు పాత పరిష్కారాన్ని ముక్కలు చేసి కొత్త ఆకారంలో కుక్కడం మీదే నా గొడవంతా. డైనోసార్ కావడి అయిపోయాక తోకని కాళ్ళు చెయ్యడం కుదరదు. అప్పుడు మెగట్రాన్ చేసినవాళ్ళలాగా కావడికి తగిన కొత్త ఆలోచన కావాలి. అది దొరక్కపోతేనే ముప్ఫై మెలికలు వస్తాయి.

ఈలోగా మావాడు తన గొడవ తనే తీర్చేసుకున్నాడు. పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గ్రిమ్‌లాక్‌ని నా ముందు పెట్టి, "మావయ్యా, ఇది టీ-రెక్స్ కాదు. గాడ్జిల్లా" అన్నాడు. ఆలోచిస్తే అది తిరుగులేని వాదన. 1954 నాటి గాడ్జిల్లా నిటారుగానే నిలబడ్డాడు, తోక నేల మీదే ఈడ్చాడు, సూటు లోపల మనిషున్నాడు కాబట్టి. అచ్చు మార్చక్కర్లేదు, ఒక్క కీలు ముట్టుకోనక్కర్లేదు, పేరు మారిస్తే చాలు. మా మాడ్యూల్లో కూడా ఆ ఫీల్డుని 'చిరునామా' అని కాకుండా 'బిల్లు పంపే చిరునామా' అని ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

కొత్త బొమ్మని కూడా అటకెక్కించలేదు. డైనోసార్‌గా అది రోజూ పనిలోనే ఉంది, అందుకే తుంటి వదులైంది. వంగి నిలబడే టీ-రెక్స్‌కి ఇది రాసిపెట్టి ఉన్నదే. తలా తోకా మోసే బరువంతా ఇరవైనాలుగ్గంటలూ ఆ రెండు కీళ్ళ మీదే, ఆసరాకి మూడో కాలు లేదు. ప్లాస్టిక్ బంతి అరిగేకొద్దీ మూతి ముందుకి వాలిపోతుంది. మీ ఇంట్లో కూడా ఇలాంటిది ఉంటే పారెయ్యకండి, మందు తేలికే. కీలు మెల్లగా ఊడదీసి బంతి మీద రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా ఒక పూత పూసి, రాత్రంతా ఆరనిచ్చి మళ్ళీ బిగించండి. తడిగా ఉండగా బిగిస్తే అతుక్కుపోతుంది. ఒక పూత చాలకపోతే ఇంకోటి.

దీనికోసం అక్కని నెయిల్ పాలిష్ అడిగితే ఎందుకురా అంది. చెప్పాను. కాసేపు నా మొహం చూసి, "అమ్మకి ఈ విషయం చెప్పకు, సంబంధాలు చూస్తోంది" అంది.